ఒకే సెట్టింగు, మూడు రకాల వినైల్ రోళ్లు: తప్పు యంత్రానిదా, రోలుదా?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మాది వినైల్‌తో, అంటే వెనక గమ్, కాగితం ఉండే పలుచని ప్లాస్టిక్ ఫిల్ముతో, సైన్‌బోర్డులు, స్టిక్కర్లు చేసే చిన్న దుకాణం. ఆ ఫిల్మును అక్షరాలుగా కోసే 24 అంగుళాల కట్టర్ యంత్రం సొంతంగా ఉంది. ప్రింటు పనులు మాత్రం 54 అంగుళాల ఎకో సాల్వెంట్ (ద్రావకం కలిసిన ఇంకుతో ముద్రించే) యంత్రం ఉన్న ఒక మిత్రుడి దగ్గర చేయించుకుంటాను. ఈ ఏడాది వరుసగా మూడు పనులు చెడిపోయాయి. మూడింటికీ మూల కారణం ఒకటేనేమోనన్న అనుమానంతో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది ఒక పాల వ్యాను. దాని తెల్లని పెట్టె మీద ఎర్రటి వినైల్ అక్షరాలు అంటించాం. పది నెలలు గడిచేసరికి ప్రతి అక్షరం చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లని గీత ఏర్పడింది, రివెట్ల దగ్గర ఫిల్ము బుడిపెల్లా పైకి లేచింది. అదే రోలులోంచి కోసి ఒక బట్టల దుకాణం అద్దానికి అంటించిన అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండవది ఒక కారు పని. వాహనం కదా అని ఖరీదైన పలుచని రోలు తెప్పించి, రోజూ వాడే బ్లేడుతోనే, రోజూ వాడే ఫోర్స్‌తోనే (బ్లేడు నొక్కే ఒత్తిడితోనే) కోశాను. బ్లేడు వెనక కాగితాన్ని కూడా చీల్చేసింది. వేస్టు, అంటే అక్షరాల చుట్టూ మిగిలిన ఫిల్ము, పీకుతుంటే కాగితం పొరలుపొరలుగా ఊడి వచ్చింది.

మూడవది ప్రింటు చేసి ఆకారం వెంట కోసిన గుండ్రటి స్టిక్కర్లు. ఉదయం ప్రింటు, మధ్యాహ్నం కటింగ్, సాయంత్రం డెలివరీ. మర్నాటికి అంచులన్నీ ముడుచుకున్నాయి.

రోళ్లు అమ్మిన వ్యాపారి యంత్రాన్ని తప్పుపట్టారు, మెకానిక్ బ్లేడును తప్పుపట్టారు, ప్రింటు చేసిన మిత్రుడు గమ్‌ను తప్పుపట్టాడు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

బెజవాడ_కట్టర్ (విజయవాడ)

మీ మూడు పనుల్లోనూ యంత్రం తప్పు నాకు కనిపించడం లేదు. రోలు మారినప్పుడు మిగిలినవన్నీ మారాలి. మీరు రోలు ఒక్కటే మార్చి మిగతావి అలాగే ఉంచారు, వ్యాను విషయంలోనైతే మార్చవలసిన రోలునే మార్చలేదు.

మీరు గోదావరి జిల్లాల వారు కనుక ఆ భాషలోనే చెబుతాను. వినైల్ ఫిల్మును రెండు పద్ధతుల్లో తయారుచేస్తారు. మొదటిది క్యాలెండర్డ్. పీవీసీ (వినైల్ ప్లాస్టిక్) ముద్దను వేడి రోలర్ల మధ్య నలిపి, లాగి, పలుచగా సాగదీస్తారు. పూరీ పిండిని అప్పడాల కర్రతో ఎంత వత్తినా, వదలగానే కాస్త వెనక్కి ముడుచుకోవడం చూసే ఉంటారు. ఈ ఫిల్ముకూ అదే గుణం ఉంటుంది. ఎండ వేడి తగిలిన ప్రతిసారీ తన పాత కొలతకు పోవాలని చూస్తుంది. రెండవది కాస్ట్. ఇది మీ ఆత్రేయపురం పూతరేకు లాంటిది. ద్రవరూపంలో ఉన్న పీవీసీని ఒక పట్టీ మీద పలుచని పొరగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. ఎక్కడా లాగడం, నలపడం లేదు కనుక లోపల బిగువు దాదాపు ఉండదు. అందుకే 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంలోనూ కొలత తప్పకుండా నిలుస్తుంది, రివెట్ల మీదా గాడుల్లోనూ ఒదిగిపోతుంది.

క్యాలెండర్డ్‌లో మళ్లీ రెండు తరగతులున్నాయి. పీవీసీ సహజంగా గట్టిది, దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్ కలుపుతారు. మోనోమెరిక్ ఫిల్ములో ఆ ప్లాస్టిసైజర్ అణువులు చిన్నవి కావడం వల్ల కాలక్రమంలో అవి గమ్‌లోకీ, పైకీ జారిపోతాయి. ఫిల్ము పెళుసెక్కి కుంచించుకుపోతుంది. పాలిమెరిక్‌లో గొలుసులు పొడవైనవి కనుక అంత త్వరగా కదలవు. మన వైపు మార్కెట్లో మైక్రాన్లు, గమ్ రంగు మాత్రమే చెప్పి అమ్మే చవక రోళ్లలో ఎక్కువ భాగం మోనోమెరిక్‌లే.

మీ వ్యాను మీది నల్లని గీత ఇలా వచ్చింది: ఫిల్ము లోపలికి కుంచించుకుపోయింది, గమ్ ఉన్నచోటే ఉండిపోయింది, బయటపడిన ఆ గమ్ మీద దుమ్ము పట్టింది. నిర్ధారించుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ఫిల్మును సాగదీసేది ఎక్కువగా రోలు పొడవు దిశలో కనుక ముడుచుకునేదీ ప్రధానంగా ఆ దిశలోనే. అక్షరాలకు రెండు పక్కలా గీత లావుగా ఉండి, పైనా కిందా సన్నగా ఉంటే అనుమానం అక్కర్లేదు. ఒకసారి చూసి రాయండి.

పాతకుంచె (తెనాలి)

నేను 30 ఏళ్లు కుంచెతో బోర్డులు రాసి, తరువాత కట్టర్ కొన్నవాణ్ణి. అద్దం మీద నిలిచినది వ్యాను మీద నిలవలేదంటే ఫిల్మును తప్పుపట్టే ముందు కింది తలాన్ని కూడా అడగాలి. ఆ పెట్టెకు కొత్తగా రంగు వేయించారా? అంటించే ముందు దేనితో తుడిచారు? పాల వ్యాను మీద కంటికి కనిపించని వెన్న జిడ్డు ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే పోదు, పరుచుకుంటుంది.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

బెజవాడ_కట్టర్ గారూ, ఇప్పుడే వ్యాను దగ్గరకు వెళ్లి చూసి వచ్చాను. మీరు చెప్పినట్టే ఉంది. అక్షరాలకు ఎడమా కుడీ గీత దాదాపు ఒక మిల్లీమీటరు ఉంది, పైనా కిందా మాత్రం వెంట్రుకవాసి. పెద్ద అక్షరాలకు మరింత స్పష్టంగా కనిపిస్తున్నది.

పాతకుంచె గారూ, దాచుకోవలసిన పని లేదు కనుక చెబుతున్నాను. ఆ పెట్టెకు రంగు వేయించిన అయిదవ రోజునే మేము అక్షరాలు అంటించాం. తుడిచింది తడిగుడ్డతోనే.

పాతకుంచె (తెనాలి)

అయితే మీకు రెండు జబ్బులు కలిసి వచ్చాయి. కొత్త రంగు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి సాల్వెంట్ చాలా రోజుల వరకు బయటకు వస్తూనే ఉంటుంది. పైన ఫిల్ము మూతవేస్తే ఆ ఆవిరి బుడగలై లేస్తుంది, గమ్ పట్టును చెడగొడుతుంది. ఓవెన్‌లో కాల్చని మామూలు స్ప్రే రంగుకు నేను కనీసం మూడు వారాలు ఆగమంటాను. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అది ఎగిరిపోకముందే పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. మన ఎండల్లో మధ్యాహ్నం వేళ రేకు మీద చేయి పెట్టలేం. ఆ వేడికి గమ్ తాకీ తాకగానే పట్టేస్తుంది, సర్దే వీలుండదు. వాహనం పనిని నేను ఉదయం తొమ్మిదిలోపే ముగిస్తాను.

డాలస్_డెకాల్ (డాలస్)

రెండవ సమస్యకు, అంటే కాగితం చీలడానికి, నేను బదులిస్తాను. ఇక్కడ ఎక్కువగా వాడే ఒరకాల్ బ్రాండు రోళ్లనే ఉదాహరణగా తీసుకుందాం. 631 రకం 80 మైక్రాన్లు, 651 రకం 63 మైక్రాన్లు, కాస్ట్ ఫిల్ము అయిన 951 రకం 50 మైక్రాన్లు. మొదటి దానికి సరిపోయే బ్లేడు పొడుగును మూడవ దానికి వాడితే 30 మైక్రాన్లు అదనంగా దిగుతుంది. వెనక కాగితాన్ని గాయపరచడానికి ఆ మాత్రం చాలు. పైగా కాస్ట్ ఫిల్ము మెత్తనిది, తక్కువ ఫోర్స్‌కే తెగుతుంది.

చాలామంది బ్లేడును హోల్డర్ (బ్లేడును పట్టి ఉంచే గొట్టం) నుంచి బాగా బయటకు తిప్పి, లోతును ఫోర్స్‌తో నియంత్రించాలని చూస్తారు. నా అలవాటు దానికి తలకిందులు. ముందు బ్లేడు పొడుగును ఫిల్ము మందానికి సరిచేస్తాను. హోల్డర్‌ను యంత్రంలోంచి తీసి, పెన్నులా చేతపట్టుకుని, ఆ రోలు ముక్క మీదే గట్టిగా ఒక గీత గీస్తాను. ఫిల్ము పూర్తిగా తెగాలి, కాగితం మీద గోటితో గీసినంత ఆనవాలే మిగలాలి. కాగితం వెనక్కి తిప్పి చూస్తే గీత ఉబ్బెత్తుగా తగలకూడదు. ఆ తరువాతే హోల్డర్‌ను యంత్రంలో పెట్టి, తక్కువ ఫోర్స్‌తో మొదలుపెట్టి, టెస్ట్ కట్ చేస్తూ పెంచుకుంటూ పోతాను. నా యంత్రం మీద 80 మైక్రాన్ల ఫిల్ముకు సుమారు 100 గ్రాములు పడుతుంది, కాస్ట్‌కు 70 దాటనివ్వను. మీ యంత్రంలో అంకెలు వేరుగా ఉండవచ్చు, అరిగిన బ్లేడుకు ఇంకా వేరుగా ఉంటాయి.

45 డిగ్రీల బ్లేడు మామూలు వినైల్ అన్నిటికీ సరిపోతుంది. 60 డిగ్రీలది మందపాటి ఫిల్ములకు, టీషర్టుల మీద వేసే మఖమలు లాంటి ఫ్లాక్‌కు దాచుకోండి.

కొత్తచేయి (నల్గొండ)

నేను ఈ పనిలో చేరి నాలుగు నెలలే అయింది. ఇంగ్లీషు అక్షరాలు శుభ్రంగా తెగుతున్నాయి కానీ తెలుగు అక్షరాలు పీకేటప్పుడు తలకట్టులు విడిగా ఊడిపోతున్నాయి, కొన్ని ఒత్తుల మధ్యలో అడ్డంగా గాట్లు పడుతున్నాయి. ఇదీ రోలు సమస్యేనా?

బెజవాడ_కట్టర్ (విజయవాడ)

కొంత మాత్రమే రోలుది. గాట్లు పడేది మీ ఫైలు వల్ల. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ తెలుగు ఫాంట్లలో) అక్షరం ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుడి మరో ముక్కగా ఉండి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ప్రింటులో ఆ అతుకు కనిపించదు. కట్టర్‌కు కనిపించేది రంగు కాదు, గీత. కనుక ఎక్కినచోటల్లా అది కోసేస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన కోరెల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా మార్చి, ఒక్కొక్క పదాన్ని వెల్డ్ చేసి (ముక్కలను ఒకే ఆకారంగా కలిపి), వైర్‌ఫ్రేమ్‌లో (గీతలు మాత్రమే కనిపించే తీరులో) చూడండి. లోపల అడ్డగీత ఒక్కటి కూడా మిగలకూడదు. యూనికోడ్ ఫాంట్లలోనూ ఒత్తులు అక్షరాన్ని తాకే చోట ఇదే చేయాలి.

ఇక తలకట్టులు ఊడడానికి రోలుతో సంబంధం ఉంది. మన లిపి అంతా వంపులే. డ్రాగ్ బ్లేడు (గీత వెంట లాగబడుతూ తనంతట తిరిగే బ్లేడు) మొన దాని ఇరుసుకు కాస్త వెనగ్గా ఉంటుంది కనుక, ఆ దూరాన్ని ఆఫ్‌సెట్‌గా యంత్రానికి చెప్పాలి. చాలా బ్లేడులకు అది 0.25 మిల్లీమీటర్లు. చదరం టెస్ట్ కట్‌లో మూలలు గుండ్రబడితే ఆఫ్‌సెట్ తక్కువైనట్టు, మూలల్లో కొమ్ములు లేస్తే ఎక్కువైనట్టు. మందపాటి ఫిల్ములో బ్లేడు తిరగడానికి ప్రతిఘటన ఎక్కువ కనుక సున్నా లాంటి చిన్న వలయం మొదలైన చోటే ముగియదు, చివర చిన్న తోక మిగిలిపోతుంది. పీకేటప్పుడు ఆ తోకే అక్షరాన్ని లాగుతుంది. అంగుళం కంటే చిన్న తెలుగు అక్షరాలను నేను 100 మైక్రాన్ల రోలు మీద కోయను. పలుచని ఫిల్ము తీసుకుని, వేగం సగానికి తగ్గించి కోస్తాను. రిమూవబుల్ గమ్ ఉన్న రోళ్లలో చిన్న ముక్కలు కాగితం మీద నిలవడమే కష్టం, వాటి జోలికి పోకండి.

పీకే దిశ కూడా ముఖ్యమే. వేస్టును పైకి లాగకండి, దాదాపు దాని మీదికే మడిచినట్టుగా, పదునైన కోణంలో వెనక్కి లాగండి.

ఓరుగల్లు_ప్రింట్ (వరంగల్)

మూడవ సమస్య నా రోజువారీ పనికి సంబంధించినది కనుక వివరంగా రాస్తాను.

ఎకో సాల్వెంట్ ఇంకు వినైల్ పైన కూర్చోదు, పైపొరను కరిగించి లోపలికి దిగుతుంది. హీటర్ దాటి వచ్చేసరికి చేతికి అంటకపోయినా, సాల్వెంట్‌లో కొంత భాగం ఫిల్ములోనే ఉండిపోతుంది, గమ్ దాకా దిగుతుంది. ఆ దశలో ఫిల్ము ఉబ్బి మెత్తగా, గమ్ వదులుగా ఉంటుంది. అప్పుడే అంచు వెంట కోశారనుకోండి, సాల్వెంట్ ఎగిరిపోతున్న కొద్దీ ఫిల్ము బిగుసుకుని, పట్టు లేని గమ్‌ను వదిలించుకుని అంచు పైకి లేస్తుంది. మీ స్టిక్కర్లకు జరిగినది అదే. లామినేషన్‌కైనా (ప్రింటు మీద పారదర్శక పొర అంటించడానికైనా) కటింగ్‌కైనా నేను కనీసం 24 గంటలు ఆగుతాను. ముదురు రంగులు నిండుగా ఉన్న పనికి 48 గంటలు. ఆ గడువులో రోలును బిగించి చుట్టి పక్కన పడేస్తే ఆగినట్టు కాదు. వదులుగా చుట్టి, నిలువుగా నిలబెట్టి, గాలి ఆడనివ్వాలి. ఆకారం చుట్టూ రెండు మిల్లీమీటర్ల తెల్ల అంచు వదలడానికి కస్టమర్ ఒప్పుకుంటే ఇంకా మంచిది, ఇంకు తగలని చోట గమ్ గట్టిగా ఉంటుంది.

లామినేషన్ చేసేవారు ఫిల్ము జాతికి తగ్గ జాతి లామినేట్ ఎంచుకోవాలి. కాస్ట్ మీద చవక మోనోమెరిక్ లామినేట్ వేస్తే, పై పొర కుంచించుకుపోతూ కింది పొరను కూడా అంచుల నుంచి లేవదీస్తుంది. కింద పెట్టిన ఖర్చంతా పైన వృథా అవుతుంది.

రోలు వెనక కాగితం గురించి మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ప్రింటర్ వాడేవారికి నా దృష్టిలో ఫిల్ము ఎంతో కాగితమూ అంతే. మామూలు కాగితం వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి అలలు అలలుగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ప్రింట్ హెడ్‌కు (ఇంకు చిమ్మే భాగానికి) రాసుకుంటే రోలు పోయినా పరవాలేదు, హెడ్ పోతే కొన్ని నెలల సంపాదన పోయినట్టే. రెండువైపులా పాలిథిన్ పూత ఉన్న కాగితం రోళ్లు కాస్త ఖరీదైనా నిలకడగా ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు దాకా నేను వాటినే వాడతాను. సగం వాడిన రోలును రాత్రి యంత్రంలో వదిలేయకుండా తీసి, కవరు తొడిగి, పెట్టెలో పెడతాను. పించ్ రోలర్లు (ఫిల్మును నొక్కి పట్టే చిన్న చక్రాలు) దించి వదిలేస్తే తెల్లారేసరికి ఫిల్ము మీద గుంటలు పడి ఉంటాయి. హీటర్ వేసి ఉన్న ప్లేటు మీద భోజనానికి వెళ్లి వచ్చినంతసేపు కదలకుండా ఉన్నా అలలు వస్తాయి.

వేడి కూడా అన్ని రోళ్లకూ ఒకటి కాదు. నా యంత్రంలో మామూలు తెల్ల వినైల్‌కు 40 డిగ్రీలు పెడితే, పలుచని కాస్ట్‌కు 35 దగ్గర మొదలుపెడతాను. రోలు మారిన ప్రతిసారీ ఫీడ్ (రోలు ముందుకు జరిగే కొలత) సరిచేయకపోతే అడ్డచారలు వస్తాయి, వాటిని చూసి హెడ్ మూసుకుపోయిందని క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టి ఇంకు తగలేస్తారు.

కొత్తచేయి (నల్గొండ)

రేడియం రోళ్ల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? మా దుకాణంలో బ్లేడులు వారానికి ఒకటి అరిగిపోతున్నాయి.

పాతకుంచె (తెనాలి)

మనం అలవాటుగా రేడియం అంటున్నాం కానీ అందులో రేడియం లేదు. సన్నని గాజుపూసలు పరిచి, వెనక అద్దం లాంటి లోహపు పూత ఉన్న ఫిల్ము అది. వాహనం లైటు పడితే వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ఆ గాజే మీ బ్లేడును తింటున్నది. రేడియానికి ఒక బ్లేడు కేటాయించి, హోల్డర్‌కు రంగు చుక్క పెట్టుకోండి, దాన్ని మామూలు వినైల్‌కు ముట్టుకోకండి. కోసిన అంచుల్లోంచి నీళ్లు దిగితే లోహపు పూత నల్లబడుతుంది కనుక మొనదేలిన మూలలు పెట్టకుండా కాస్త గుండ్రం చేయండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తప్పనిసరి అయ్యాక మా వీధిలో ఈ పని సగం పడిపోయింది, అది వేరే కథ.

డాలస్_డెకాల్ (డాలస్)

రెండు చిన్న సంగతులు చెప్పి ఊరుకుంటాను. మెరిసే (గ్లాసీ) లామినేషన్ చేసిన ప్రింటును కోసేటప్పుడు, ఎక్కడ కోయాలో కట్టర్‌కు తెలిపే ముద్రిత గుర్తులను సెన్సర్ చదవలేక తడబడితే, గుర్తుల మీద మెరుపు లేని పారదర్శక టేపు ముక్క అంటించండి. రెండవది ప్రమాదం. కట్టర్ తీరిక లేదని ఎవరైనా యాక్రిలిక్ కోసే లేజర్ యంత్రంలో వినైల్ పెడతామంటే పెట్టనివ్వకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకూ చేటు, యంత్రంలోని లోహానికీ చేటు.

బెజవాడ_కట్టర్ (విజయవాడ)

గోదారిగట్టు గారూ, వ్యాపారి చెప్పే మాట మీద ఆధారపడకుండా రోలును మీరే పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. ఒక అల్యూమినియం పలకను శుభ్రంగా తుడిచి, మీ దగ్గరున్న రోళ్లన్నిటి నుంచీ అరచేయంత ముక్కలు అంటించండి. రోలు పొడవు దిశను ప్రతి ముక్క మీదా బాణంతో గుర్తుపెట్టండి. ఒక రోజు ఆగి, ప్రతి ముక్క మధ్యలో పదునైన బ్లేడుతో కూడిక గుర్తులా రెండు గాట్లు పెట్టి, పలకను డాబా మీద ఎండలో వదిలేయండి. ఫిల్ము కుంచించుకుపోయే కొద్దీ గాటు నోరు తెరుస్తుంది.

ఓరుగల్లు_ప్రింట్ (వరంగల్)

ఖర్చు మాట కూడా వేసుకోండి. నాలుగడుగుల వెడల్పు, 50 మీటర్ల రోలు అంటే సుమారు 656 చదరపు అడుగులు. ఒక వ్యాను అక్షరాలకు వృథాతో కలిపి 60 చదరపు అడుగులు పడుతుందనుకుంటే, రోలులో పదో వంతు కూడా కాదు. చవక రోలుకూ కాస్ట్‌కూ తేడాను మొత్తం రోలు ధరలో చూస్తే గుండె జారుతుంది, ఆ 60 అడుగులకు లెక్కవేస్తే పాత అక్షరాలు వేడిచేసి గీకి, గమ్ కడగడానికి ఇద్దరు మనుషులకు ఇచ్చే రెండు రోజుల కూలి దగ్గర ఆగుతుంది. అలాగని సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ పలక) మీద ఆరు నెలలు ఉండే ఆఫర్ బోర్డుకు కాస్ట్ వేయమని చెప్పను, దానికి మోనోమెరిక్ పుష్కలంగా చాలు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

నెల రోజుల తరువాత తిరిగి రాస్తున్నాను. స్టిక్కర్లు మళ్లీ ప్రింటు చేయించి ఒకటిన్నర రోజు వేలాడదీసి కోశాం, అంచు లేవలేదు. కారు పనికి బ్లేడును చేత్తో గీసి సరిచేసుకున్నాక 65 గ్రాములకే తెగింది, కాగితం మీద గీత కోసం వెతుక్కోవలసి వచ్చింది.

పలక పరీక్ష కూడా చేశాను. నా దగ్గరున్న నాలుగు రోళ్లలోంచి ముక్కలు అంటించి మూడు వారాలు డాబా మీద ఉంచాను. వ్యానుకు వాడిన ఎర్ర రోలు ముక్కలో, బాణానికి అడ్డంగా పెట్టిన గాటు మధ్యలో దారం పట్టేంత సందు వచ్చింది, బాణం వెంట పెట్టిన గాటు దాదాపు మూసుకునే ఉంది. పాలిమెరిక్ అని చెప్పి అమ్మిన రెండు రోళ్లలో ఒకటి నమ్మకంగానే ఉంది, రెండవది మాత్రం ఎర్ర రోలుకు తమ్ముడిలా ప్రవర్తించింది. కాస్ట్ ముక్క మీద గాటు ఎక్కడ పెట్టానో వేలిగోటితో తడిమి కనుక్కున్నాను.

పాల వ్యాను యజమాని నిన్న వచ్చారు. పలక చేతికిచ్చి, దారం పట్టే సందులో దారం పెట్టి చూపించాను. పాత అక్షరాలు తీసే కూలి నేను పెట్టుకునేట్టు, కాస్ట్ ఫిల్ము తేడా ఆయన పెట్టుకునేట్టు ఒప్పందమైంది. ఈసారి పెట్టెకు కొత్త రంగు వద్దని, సబ్బునీళ్ల కడుగుడు చాలని చెప్పాను. ఆదివారం ఉదయం ఆరింటికి వ్యాను తెస్తానన్నారు.